ఇదిగో బయల్దేరుతున్నా

అది కాదు మావయ్యగారూ, నా తప్పు లేదని నేనన్నానా? అన్లేదు. అలా అనేవాడి మొహంలా ఉందా నాది? సరే, ఉందేమో. మొహం సంగతి వదిలేయండి.

నేననేది ఒక్కటే. అల్లుడన్నవాడు ఇంటికొస్తే మర్యాదలు అక్కర్లేదు, కనీసం తల ఇటు తిప్పాలా వద్దా? ఇందాకట్నుంచి ఆ గోడకేసే చూస్తున్నారు. ఏముంది ఆ గోడ మీద? మీరే రంగు వేయించిన గోడ. ఆరకముందే ఆనుకుని నా చొక్కా పాడుచేసుకున్నది కూడా ఆ గోడకే. అదిగో, ఆ మరక నా వీపే.

అయ్యయ్యో, విజిల్ తీయకండి! దణ్ణం పెడతా. మీరది ఊదితే మీ అమ్మాయి వంటింట్లోంచి వస్తుంది. వస్తే నన్ను చూస్తుంది. చూస్తే వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. రావడం వరకూ పర్లేదు, ఆ వెళ్ళడం చూడలేను. ఇందాక తలుపు తీసినప్పుడు చూశాగా. పక్కింటికి రావాల్సిన పార్సిల్ పొరపాటున ఇక్కడికి వస్తే చూస్తామే, అలా చూసింది. సంతకం పెట్టి తీసుకోలేదు, తిప్పి పంపనూ లేదు. గుమ్మంలో వదిలేసి లోపలికెళ్ళింది.

ఒకటి ఊదితే మంచినీళ్ళు, రెండు ఊదితే బాత్రూం, అంతే కదూ? బాగుంది ఏర్పాటు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ స్కూల్లో పిల్లల్ని పరిగెత్తించిన విజిలు, ఇప్పుడు కన్నకూతుర్ని పరిగెత్తిస్తోంది. ఎగతాళి కాదండీ! మా కంపెనీలో బోలెడు డబ్బు పోసి కొన్నదాని కంటే నయం. మీరు ఊదారంటే అవసరమున్నట్టు, ఊదలేదంటే లేనట్టు. ఇంతోటి నిజాయితీ మా దగ్గర ఏ మిషన్‌కీ లేదు. మనుషులకీ లేదు. ఆ మనుషులెవరో కూడా మీకు తెలుసు.

కాలు ఎలా ఉంది?

అడక్కూడదా? సరే, అడగను. కట్టు మాత్రం బాగా కట్టారు. తెల్లగా, నున్నగా... సరే సరే, కట్టు గురించీ మాట్లాడను.

ఆ రోజు ఏం జరిగిందో చెబుతా, అంతే. వింటారో వినరో మీ ఇష్టం. మీరెలాగూ లేచి వెళ్ళిపోలేరు, అదొక్కటే నా ధైర్యం. కాస్త గొంతు తగ్గించి చెబుతా. వంటింట్లో కుళాయి పారుతున్నంతసేపూ తనకి వినబడదు.

నా ఉద్యోగమేమిటో మీకు ఇప్పటికీ తెలీదు కదూ? పెళ్ళికి ముందు అడిగారు, ఏం చేస్తుంటావు బాబూ అని. కంప్యూటర్లు చూసుకుంటానండీ అన్నా. ఎన్ని అన్నారు. రెండు అన్నా. మీ మొహం ఇంత చిన్నదైపోయింది. రెంటిని చూసుకోడానికి కూడా జీతమిస్తారా అని, అప్పటికింకా అత్తయ్యగారుండేవారు, ఆవిడ చెవిలో అన్నారు. నాకు వినబడింది.

ఇస్తారు మావయ్యగారూ. ఎందుకిస్తారో నాకూ ఈ మధ్యే అనుమానమొచ్చింది.

మాది మందుల గోదాం. ఊళ్ళో ఏ మందుల షాపుకి ఏ మందు ఎంత వెళ్ళాలో చెప్పేది ఒక పెద్ద కంప్యూటరు. సర్వర్ అంటాం. అది ఆగితే గోదాం మొత్తం ఆగుతుంది. అందుకని పక్కనే అచ్చు అలాంటిదే ఇంకోటి పెడతాం. మొదటిది పనిచేస్తుంది, రెండోది కాచుకుని కూర్చుంటుంది. స్టాండ్‌బై అంటాం. టైర్ల కొట్టు పెట్టుకున్న మీ చిన్నల్లుడి భాషలో చెప్పాలంటే స్టెప్నీ.

ఈ రెంటికీ మధ్య ఒక వైరు. ఆ వైరు మీద రెండోది మొదటిదాన్ని అస్తమానం పలకరిస్తూ ఉంటుంది. ఉన్నావా? ఉన్నా. ఉన్నావా? ఉన్నా. పగలనక రాత్రనక ఇదే గోల. ఎప్పుడైనా జవాబు రాలేదనుకోండి, పాపం దాని పని అయిపోయిందనుకుని రెండోది లేచి పగ్గాలు అందుకుంటుంది. గోదాంలో వాళ్ళకి తెలియను కూడా తెలీదు. ముచ్చటగా ఉంటుంది చూడ్డానికి. పెట్టింది నేనే.

ఇందులో చిక్కెక్కడుందో మీరు చెప్పండి... పోనీ, నేనే చెబుతా. ఉన్నావా అంటే ఉన్నా అనడానికి ఏం కావాలి? నోరుంటే చాలు! లోపల ఏం ఏడిసిందో ఎవడికి కావాలి? సర్వర్లో సరుకంతా ఉండేది డిస్కులో. ఆ డిస్కు చచ్చూరుకున్నా సరే, పైన సర్వర్ నిక్షేపంలా 'ఉన్నా' అంటూనే ఉంటుంది. పక్కన స్టాండ్‌బై, ఉన్నాడులే పెద్దమనిషి అనుకుని కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది.

అందుకని డిస్కుకి వేరే కాపలా పెట్టాలి. దాని మీద ఓ ముక్క రాయాలి, రాసింది మళ్ళీ చదవాలి. ఇంతసేపట్లో పలక్కపోతే ఇంకోసారి అడగాలి. ఇన్నిసార్లు అడిగినా పలక్కపోతే, నువ్వు పక్కకి జరుగు నాయనా అని దాన్ని ఆపేసి స్టాండ్‌బైని లేపాలి. ఎంతసేపు ఓపిక పట్టాలి, ఎన్నిసార్లు అడగాలి, ఆ పైన ఏం చేయాలి, ఇవన్నీ ముందే రాసిపెట్టాలి. దానికే నాకు జీతం.

పెట్టాను మావయ్యగారూ! పెట్టలేదనుకునేరు. పెట్టి చెడ్డవాణ్ణి నేను.

ఆరంభశూరుణ్ణి కదా, గడువు మరీ బిగించేశా. రెప్పపాటు ఆలస్యమైతే చాలు, చచ్చిందని చాటింపు వేసేలా. సాయంత్రం పూట సర్వర్లో ఉన్నదంతా ఇంకోచోటికి నకలు తీస్తాం. అప్పుడు డిస్కుకి పాపం ఆయాసం. బరువు మోసేవాణ్ణి పిలిస్తే వెంటనే పలుకుతాడా? పలకలేదు. చచ్చిందన్నాడు కాపలావాడు. స్టాండ్‌బై లేచి బరువెత్తుకుంది. దానికీ ఆయాసమొచ్చింది. ఇదీ చచ్చిందన్నాడు. మళ్ళీ మొదటిది. మళ్ళీ రెండోది. గోదాంలో స్కానర్లు పట్టుకున్నవాళ్ళు పెట్టె ఎత్తడం, దించడం, ఎత్తడం, దించడం... మీ డ్రిల్ పీరియడ్ నయం. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదన్నమాట.

మా మేనేజరున్నాడు, ఆయన్ని మేం అర్జంటుగారంటాం. ఆయనకి టీ కూడా అర్జంటే. వచ్చి అందరి ముందూ, "నీ కాపలా లేనప్పుడే సుఖంగా ఉన్నామయ్యా" అన్నాడు.

నాకు రోషమొచ్చింది. బుద్ధున్నవాడైతే ఏం చేస్తాడు? గడువు కాస్త సడలిస్తాడు, ఇంకో రెండుసార్లు ఎక్కువ అడగమంటాడు. పొద్దుపోయే పని కూడా కాదు. నేనేం చేశానో తెలుసా? ప్రశ్న తేలిక చేసేశా. రాయడం గీయడం ఏమీ వద్దు, ఓ ముక్క చదివి వినిపిస్తే చాలు, పాసే అన్నా. అదీ రోజూ అదే ముక్క.

మీరు స్కూలు మాస్టారు, మీకు చెప్పాలా? మొద్దబ్బాయికి రోజూ ఒకటే ప్రశ్న వేస్తే ఏం చేస్తాడు? బట్టీ పట్టేస్తాడు. సర్వరూ అంతే. అడిగిందే అడుగుతుంటే డిస్కు దాకా వెళ్ళనే వెళ్ళదు. ఇంతకుముందు చదివింది బుర్రలో మెదులుతూ ఉంటుంది, దాన్నే అప్పజెప్పేస్తుంది. అడిగినవాడు సంతోషం, చెప్పినవాడు సంతోషం. ఆ తర్వాత ఒక్క గొడవ లేదు. అర్జంటుగారు నా భుజం తట్టాడు కూడా. ఆ భుజం ఇదే.

ఏంటండీ ఆ నిట్టూర్పు? ఇంకా అసలు కథలోకి రానేలేదు.

ఆ రోజు డిస్కు పోయింది. పొద్దున్నే పోయింది. గోదాంలో ఒక్క పెట్టె కదల్లేదు. లారీలు వరసగా నిలబడిపోయాయి. సర్వర్ని చూస్తే పచ్చ దీపం! ఉన్నావా? ఉన్నా. చదువుతున్నావా? ఇదిగో చదివా. గడగడా అప్పజెబుతోంది. స్టాండ్‌బై పక్కనే కూర్చుని ఉంది, మంచి డిస్కుతో, మంచి ఆరోగ్యంతో, ఎవరైనా పిలిస్తే వద్దామని. పిలిచేదెవరు? పిలవాల్సిన కాపలావాణ్ణి మొద్దబ్బాయిని చేసింది నేనే కదా.

ఇంకో మాట చెబుతా, కోపం తెచ్చుకోకండి. ఆ రోజు మీ నొప్పి మాత్రలకి మీ చిన్నల్లుడు షాపు షాపూ తిరిగాడట కదా, స్టాకు రాలేదన్నారట ఎక్కడికెళ్ళినా. ఎందుకు రాలేదంటారు? గోదాంలోంచి కదల్లేదు కాబట్టి. ఎందుకు కదల్లేదు? మీ పెద్దల్లుడి ప్రయోజకత్వం! పడ్డప్పుడూ లేను సరే, మాత్ర కూడా అందకుండా చేశా. ఏకంగా ఊరందరికీ చేశాననుకోండి, అయినా ఇంటివాళ్ళకి చేసిందే కదా ముందు లెక్కలోకొచ్చేది.

నేనెక్కడున్నానంటారా? సర్వర్ గదిలో. మందపాటి గోడలు, ఎముకలు కొరికే చలి, ఫోను సిగ్నల్ చచ్చినా రాదు. మనిషి లోపలికెళ్తే బావిలో పడ్డట్టే. ఫోను బయట సొరుగులో పెట్టి, నేల మీద బోర్లా పడుకుని వైర్లు చూస్తున్నా. చిత్రం చూశారా, అదే వేళకి మీరూ ఇక్కడ నేల మీదే. మామా అల్లుళ్ళం ఇద్దరం నేల మీదే ఉన్నాం. నన్ను పడుకోమన్నది నా తెలివి. మిమ్మల్ని పడేసింది ఆ స్టూలు. ఆ వయసులో స్టూలెక్కి బల్బు మార్చకపోతే ఏం కొంప మునిగిందని... సరే, అది మీ ఇంటి విషయం. నేనెవణ్ణి అడగడానికి.

ఆ రోజు మీ అమ్మాయి మిమ్మల్ని చూడ్డానికి రావడం మీ అదృష్టం. చేసిన కాల్స్ ఒక్కటీ నాకు వినబడలేదు. అది ఆ మందపాటి గోడల తప్పు. ఒప్పుకుంటారా?

మరి మెసేజ్‌లకి జవాబెలా వచ్చిందంటారు. అడగండి. నోటితో అడక్కపోయినా ఆ కళ్ళు అడుగుతున్నాయిగా. ఇప్పుడు మాత్రం ఇటు తిరిగారు చూడండి!

అక్కడే ఉంది అసలు రోగం.

మీ అమ్మాయి రోజూ నాకు మెసేజ్‌లు పెట్టేది. ఎక్కడున్నారు, తిన్నారా, ఎప్పుడొస్తారు. పనిలో పడి జవాబివ్వడం మర్చిపోయేవాణ్ణి. సాయంత్రం ఇంటికెళ్తే గిన్నెల చప్పుడు. తను నోటితో తిట్టదు మావయ్యగారూ, మీకూ తెలుసు. గిన్నెలతో తిడుతుంది. మూత చప్పుడైతే చిన్న కోపం, పళ్ళెం చప్పుడైతే పెద్ద కోపం. పళ్ళేలు ఎక్కువైపోయాయి.

మనిషైనవాడు ఏం చేస్తాడు? పూటకోసారి ఫోను తీసి రెండు ముక్కలు రాస్తాడు. నేను ఇంజనీర్ని కదా! ఓ చిన్న ప్రోగ్రాం రాశా. నా ఫోను మెసేజ్‌లు కంప్యూటర్లో కూడా తెరుచుకుంటాయి. తన మెసేజ్ రాగానే ఆ ప్రోగ్రామే నా పేరున జవాబు పంపించేస్తుంది. ఒకటే జవాబైతే అనుమానమొస్తుందని వరసగా పెట్టా. ఉన్నా. ఇదిగో బయల్దేరుతున్నా. దార్లో ఉన్నా. కాసేపట్లో వచ్చేస్తా. తిన్నా, నువ్వు తిను. అయిపోతే మళ్ళీ మొదట్నుంచి. వెంటనే పంపితే బాగోదని కాస్త ఆగి పంపేలా కూడా పెట్టా. ఆ తెలివితేటలు చూడండి!

నవ్వాలంటే నవ్వండి. కాలు కదలకుండా నవ్వండి.

అది ఇంటి కంప్యూటర్లో పెడితే కరెంటు పోయినప్పుడల్లా నా కాపురం ఆగిపోతుందని, తీసుకెళ్ళి గోదాం సర్వర్ మీద పెట్టా. అక్కడైతే స్టాండ్‌బై ఉంది కదా! ఒకటి పోయినా రెండోది చూసుకుంటుంది. ఏ మొగుడైనా పెళ్ళాం కోసం ఇంత కట్టుదిట్టం చేస్తాడా? నా బొంద.

నిజం చెప్పనా? బ్రహ్మాండంగా పనిచేసింది. గిన్నెల చప్పుడు తగ్గిపోయింది. "ఈ మధ్య మారారు మీరు, అడగ్గానే పలుకుతున్నారు" అంది ఓ రోజు. నేను సిగ్గుపడ్డట్టు తల దించుకున్నా. సిగ్గుపడ్డట్టు, అంతే.

ఆ రోజు డిస్కు పోయింది కదా, మరి ప్రోగ్రాం పోవాలి కదా? పోలేదు! ఒకసారి మొదలైందంటే అది మెమరీలో కూర్చుని ఆడుతుంది, డిస్కుతో పనే లేదు. ఊరికి ఒక్క మాత్ర పంపలేని సర్వరు, మీ అమ్మాయికి మాత్రం ఠంచనుగా జవాబులిచ్చింది.

సాయంత్రం సొరుగులోంచి ఫోను తీసి చూసుకున్నా. నా మాటలు నేనే మొదటిసారి చదువుకోవడం.

'నాన్న స్టూలు మీంచి పడ్డారు, లేవలేకపోతున్నారు, వెంటనే రండి' అంది. 'ఉన్నా' అన్నాను.

'ఉన్నా ఏమిటి, బయల్దేరారా?' అంది. 'ఇదిగో బయల్దేరుతున్నా.'

'ఎక్కడిదాకా వచ్చారు?' 'దార్లో ఉన్నా.'

'నొప్పికి ఓర్చుకోలేకపోతున్నారు. అంబులెన్సుకి ఫోన్ చేసెయ్యనా, మీరొచ్చేస్తారా?' 'కాసేపట్లో వచ్చేస్తా.'

ఎంత చక్కగా అతికాయో చూశారా? ఒక్కటంటే ఒక్కటి పక్కకి పోలేదు. నేను నిజంగా కూర్చుని రాసినా అంత బాగా కుదరదు.

తను నమ్మింది మావయ్యగారూ. నమ్మి ఆగింది. మొగుడు దార్లో ఉన్నాడు కదా, ఇంకొకర్ని పిలవడమెందుకని మీ తల ఒళ్ళో పెట్టుకుని వీధి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. మీరు ఆ గచ్చు మీద... నేను 'లేను' అని ఉంటే బాగుండేది. అసలు పలక్కపోయినా బాగుండేది. పలక్కపోతే వెంటనే ఇంకొకర్ని పిలిచేది. చచ్చినవాడి వల్ల ఆలస్యం కాదు మావయ్యగారూ. ఉన్నానని చెప్పి లేనివాడి వల్ల అవుతుంది. ఈ ముక్క నేను కంపెనీలో నలుగురికీ బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పినవాణ్ణి.

చివరికి తను 'మీకు సిగ్గుందా?' అని రాసింది. వరసలో తర్వాత ఏముందో గుర్తుందా? 'తిన్నా, నువ్వు తిను.'

అప్పుడు పిలిచింది మీ చిన్నల్లుణ్ణి. అతను టైర్ల వ్యాను తోలుకుని వచ్చేశాడు. మిమ్మల్ని టైర్ల మధ్య పరుపేసి పడుకోబెట్టి తీసుకెళ్ళాడట. నా తోడల్లుణ్ణి ఇన్నాళ్ళూ వెనకాల స్టెప్నీ, స్టెప్నీ అని నవ్వేవాణ్ణి. మీ ముందు కూడా అన్నా ఓసారి, మీరూ నవ్వారు. నవ్విన నాపచేనే పండింది. మొన్న దారిలో కనబడి, "అన్నయ్యా, మావయ్యగారు బానే ఉన్నారు, కంగారుపడకండి" అన్నాడు. ఒక్క దెప్పుమాట లేదు. తిడితే పోయేది కదండీ!

ఆసుపత్రి నుంచి తను ఇంకో మెసేజ్ పెట్టింది. 'ఇక్కడికి ఏనుగొచ్చింది, మిమ్మల్ని అడుగుతోంది.'

'ఉన్నా' అన్నాను.

ఆ తర్వాత మెసేజ్ లేదు. కాపలా అంటే అదీ! నేను అడిగిందే అడిగా, తను ఎవరూ బట్టీ పట్టలేని ప్రశ్న వేసింది. ఒక్క ఏనుగుతో తేల్చేసింది. నేను ఇంటికెళ్తే తాళం. తాళం చెవి పక్కింట్లో.

తనేమనుకుంటోందో తెలుసా? నేనే ఫోను చేతిలో పెట్టుకుని, మీరు పడ్డారన్న మాట చదివి కూడా, దార్లో ఉన్నానని అబద్ధమాడానని. అంత దుర్మార్గుణ్ణి కాదండీ నేను. దద్దమ్మని. ఈ రెంటికీ తేడా ఉంది కదా? మీకు కనబడకపోవచ్చు, నేల మీద పడున్నవాళ్ళకి రెండూ ఒకటే. కానీ నాకు కావాలి ఆ తేడా. అది చెప్పుకుందామనే వచ్చా. తనకి చెబుదామంటే ఎదురుపడనివ్వదు. ఫోన్‌లో రాద్దామంటే, నా ఫోన్‌లోంచి వచ్చే అక్షరం ఏదైనా సరే, ఇంక తను నమ్ముతుందా?

అదిగో, ఒకటి వింటున్నారా? మూతలే. ఇందాకట్నుంచి మూతలే, పళ్ళేలు లేవు. కోపం కాస్త తగ్గిందంటారా?

డిస్కు సంగతా? బాగుచేశా. కొత్తది వేశా. కాపలా మళ్ళీ మొదట్నుంచి పెట్టా. ఇప్పుడు రాసి చూస్తుంది, నిజంగా డిస్కు దాకా వెళ్ళి చదివి చూస్తుంది, ఆయాసంలో ఉంటే కాస్త ఓపిక పడుతుంది. డిస్కే కాదు, పైన ఆడే ఏ ప్రోగ్రాం ఆగినా సరే, స్టాండ్‌బై లేచి ఎక్కడ ఆగిందో అక్కణ్ణించి అందుకుంటుంది. అర్జంటుగారి కళ్ళ ముందే వైరు పీకి మరీ చూపించా. ఆయన రెప్ప వేసేలోపు రెండోది లేచింది. ఈసారి భుజం తట్టబోతే నేనే వద్దన్నా.

మా దగ్గర ఇంకో పద్ధతుంది. పోయిన సర్వరు బాగుపడి వచ్చింది కదా అని వెంటనే పెద్దపీట వేయం. ముందు అది లేనప్పుడు ఏమేం జరిగాయో అన్నీ రెండోదాని దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. నేర్చుకుని, అది స్టాండ్‌బైగా ఉండాలి. మళ్ళీ ఎప్పుడు పిలవాలన్నది దాని ఇష్టం కాదు.

నేనడిగేదీ అదే మావయ్యగారూ. అమ్మాయిని ఇప్పుడే పంపించమనను. మీ చిన్నల్లుడే చూసుకోనీండి అన్నీ. నేను స్టెప్నీగా ఉంటా. మీ మాత్రలు ఏవేళకి ఏవో నాకు తెలీదు, అతన్నడిగి నేర్చుకుంటా. మీకు బాత్రూంకి వెళ్ళాలంటే భుజం పట్టుకుంటా. ఈ పని మెసేజ్‌తో అవదు కదా, మనిషి ఉండాల్సిందే.

ఆ ప్రోగ్రామా? ఇంకా ఉంచుతానా! పొద్దున ఇక్కడికి బయల్దేరేముందు ఆపి వచ్చా. మర్యాదగా ఆపమని కూడా అడగలేదు, పీక నొక్కేశా. అంత కసి నాకు దాని మీద. ఇంక నా తరఫున నేనే పలుకుతా. మీ మీద ఒట్టు.

అరె, కుళాయి ఆగింది. పళ్ళేలు తీస్తోంది. విన్నారా? ఒకటి... రెండు. రెండు కదూ? మీది మంచం దగ్గరికి ట్రేలో తెస్తుందని మీ చిన్నల్లుడన్నాడు. మరి ఆ రెండు పళ్ళేలు ఎవరివి?

మావయ్యగారూ! నా జేబులో ఫోను మోగింది. ఒక్క నిమిషం. తనే! ఆ వంటింట్లోంచే. నోటితో అడగలేక... చూడండి, మీరూ చూడండి. 'అన్నం మీకు కూడా వడ్డించనా?'

ఏనుగు తర్వాత ఇదే మొదటి మాట. ఉండండి, జవాబు నేనే రాస్తా. ఊహూఁ, రాయడమెందుకు, లేచి వెళ్ళి చెబుతా...

ఇదేమిటి?

నేను రాయలేదు. నేనేమీ నొక్కలేదు మావయ్యగారూ! చూశారుగా, ఈ చెయ్యి ఇక్కడుంది, ఫోను ఆ చేతిలో ఊరికే ఉంది. దానంతటదే... 'ఇదిగో బయల్దేరుతున్నా.'

పీక నొక్కా కదా. ఆపమని చెప్పి ఆపితే ఆగేది. పీక నొక్కితే దానికేం తెలుసు? పాపం పోయిందనుకుంది. స్టాండ్‌బై లేచింది. ఎక్కడ ఆగిందో అక్కణ్ణించి అందుకుంది. 'ఉన్నా' దగ్గర ఆగింది కదా, తర్వాతది ఇదే. నా జన్మలో నేను చేసిన పని ఒక్కటి, ఒక్క తప్పు లేకుండా, నేను చెప్పింది చెప్పినట్టు పనిచేసింది.

విన్నారా? పళ్ళెం. ఒకటి వెనక్కి పెట్టేసింది.

లేచి వెళ్ళమంటారా? వెళ్ళి ఏం చెప్పను? నేను కాదు, ప్రోగ్రామంటే, కొత్త కథ అల్లుకొచ్చారా అంటుంది. పొద్దునే ఆపేశానంటే అస్సలు నమ్మదు. మీరొక్కరే చూశారు. నా రెండు చేతులూ చూసింది ఈ లోకంలో మీరొక్కరే.

మాట్లాడక్కర్లేదు, మీ పంతం మీరుంచుకోండి. ఆ విజిల్ ఊదండి చాలు. వద్దు వద్దన్నదీ నేనే, ఇప్పుడు కాళ్ళావేళ్ళా పడుతున్నదీ నేనే. అంటే, బాగున్న కాలే పట్టుకున్నా లెండి. మీరు ఊదితే తను వస్తుంది. మీరు ఉత్తినే ఎప్పుడూ ఊదరని తనకి తెలుసు.

ఊదండి మావయ్యగారూ. నేను ఇక్కడే ఉన్నానని నేను చెబితే, ఇంక ఈ ఇంట్లో ఎవరూ నమ్మరు.